ఎకో నివాస్ సంహిత: యాలాల్ ఇంటికి సరిపోవునా?

దూలం ఎంత బరువు మోయవలెను, పునాది ఎంత లోతు ఉండవలెను, గోడ ఎంత మందం ఉండవలెను అని చెప్పే నియమాలు మన దేశంలో చాలా కాలంగా ఉన్నవి. ఇంటిలోనికి ఎండవేడి ఎంతవరకు రావచ్చును, అంతకు మించినచో ఆ ఇంటిని అంగీకరించరాదు అని చెప్పే నిబంధన మాత్రం నివాసగృహాలకు చాలా కాలం లేదు. ఆ లోటును తీర్చుటకు భారత ప్రభుత్వ విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 డిసెంబరు 14న, జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాడు, 'ఎకో నివాస్ సంహిత' మొదటి భాగాన్ని వెలువరించింది. దీనిని ఇంధన సామర్థ్య బ్యూరో భారత-స్విట్జర్లాండు దేశాల ఉమ్మడి పథకం సాయంతో తయారుచేసింది. రాష్ట్రాలు తమ భవన నిబంధనలలో చేర్చుకొన్నప్పుడే ఇది అమలులోనికి వస్తుంది.

ఒక సంహిత మంచిచెడ్డలను దాని ముందుమాటను బట్టి గాక, ఒక నిజమైన ఊరికి అన్వయించి తేల్చుట మేలు. వికారాబాదు జిల్లాలో తాండూరుకు సమీపాన ఉన్న మండల కేంద్రమైన యాలాల్ అందుకు తగిన ఊరు. వాతావరణ విభజనలో ఈ ప్రాంతం హైదరాబాదుతో పాటు 'మిశ్రమ శీతోష్ణ మండలం' కిందికి వస్తుంది. వేసవి ఎండ తీవ్రంగా ఉంటుంది, వానకాలం ఉక్కపోస్తుంది, చలికాలపు రాత్రులు చల్లగా ఉంటవి. చుట్టుపక్కల నేలలో నాపరాయి పొరలు పొరలుగా ఉన్నది. ఒకప్పటి ఇళ్లకు రాతిగోడలు, మట్టి మిద్దెలు, బండల కప్పులు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో సిమెంటు స్లాబులు వస్తున్నవి. ఇటువంటి చోట ఇల్లు కట్టబోయే కుటుంబానికి ఈ సంహిత ఏమి చెప్పుతున్నది? ఏమి చెప్పక విడిచినది?

సంహిత చెప్పినదేమి

మొదటి భాగం ఇంటి పైతొడుగును గురించినది. అనగా బయటి గాలికి, ఎండకు తగిలే గోడలు, కప్పు, కిటికీలు దాని విషయం. అందులో యాలాల్ ఇంటికి సంబంధించిన ముఖ్య నియమాలు మూడు.

మొదటిది కప్పును గురించి. కప్పుకు ఇరువైపుల ఒక డిగ్రీ ఉష్ణోగ్రత తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు ద్వారా ఎన్ని వాట్ల వేడి దాటునో ఆ సంఖ్యను 'యు-విలువ' అంటారు. ఈ విలువ 1.2 మించరాదు. రెండవది గోడలు, కిటికీలు కలిపి లోపలికి పంపే వేడిని గురించి. దానిని ఒక సూత్రంతో లెక్కించి, సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకుండ చూడవలెను. మూడవది గాలి ప్రసారాన్ని గురించి. మిశ్రమ మండలంలో గదుల నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం, అనగా ఎనిమిదవ వంతు, తెరవగలిగే కిటికీలు, వెంటిలేటర్లు ఉండవలెను.

మెచ్చవలసినవి

ఈ నియమాలలో మెచ్చదగినవి పెక్కు ఉన్నవి. కిటికీ ఎంత పెద్దదని గాక, ఎంత తెరుచుకొంటుందని అడుగుట మంచి ఆలోచన. పక్కకు జరిపే అద్దాల కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకొంటుంది. సంహిత ఆ సగాన్నే లెక్కలోనికి తీసుకొంటుంది. 400 చదరపు అడుగుల ఇంటికి ఈ లెక్కన 50 చదరపు అడుగుల తెరుపు కావలెను. రాతిగోడల పాత ఇళ్లను మెచ్చుకొనేవారు ఒక్కసారి వాటి కిటికీలను కొలిచి చూడవలెను. చాలా ఇళ్లలో చిన్న గూడువంటి కిటికీలే ఉండేవి. పొయ్యి పొగ వంటింటిలోనే తిరిగేది. ఈ పరీక్షలో ఆ ఇళ్లు నెగ్గవు.

అద్దం విషయంలో కూడ సంహిత సరియైన పాఠమే చెప్పుతున్నది. మిశ్రమ మండలపు సూత్రంలో గోడ యు-విలువను 6.06తో హెచ్చవేస్తారు. అద్దం లోపలికి వదిలే ఎండ భాగాన్ని 68.99తో హెచ్చవేస్తారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ యు-విలువ సుమారు 2. కాబట్టి దాని చదరపు మీటరుకు 12 వాట్లు వస్తవి. నీడలేని మామూలు అద్దానికి, అది వాహకత ద్వారా పంపే వేడిని కూడ కలిపితే, 66 వాట్ల వరకు వస్తవి. గోడకంటె అద్దం అయిదు రెట్ల వేడిని తెచ్చుచున్నదన్నమాట. పట్నపు భవనాలను చూచి పల్లెలలో కూడ అద్దాల ముఖభాగాలు పెట్టించుకొనేవారికి ఈ రెండు అంకెలు చాలును. కిటికీపై ఒక నాపబండ సజ్జా వేసిన, పడమటి వైపు ఒక వేపచెట్టు పెంచిన ఆ అంకె ఎంతో తగ్గుతుంది.

గడియారం లేని కొలత

ఇక లోపాలు. అన్నిటికంటె పెద్దది కాలాన్ని విడిచిపెట్టుట.

ఒకటిన్నర అడుగుల, అనగా 45 సెంటీమీటర్ల, నాపరాతి గోడను తీసుకొందాము. రాతి ఉష్ణవాహకతను 1.8గా తీసుకొని లెక్కించినచో దాని యు-విలువ సుమారు 2.4 అవుతుంది. దానిని 6.06తో హెచ్చవేస్తే 14.5. కిటికీని చేర్చగానే సంహిత విధించిన 15 వాట్ల హద్దు దాటిపోతుంది. అంటే ఈ లెక్క ప్రకారం ఒకటిన్నర అడుగుల రాతిగోడకంటె తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మంచిది. పాత రాతి ఇంటిలో మే నెల మధ్యాహ్నం కూర్చున్నవారు ఎవ్వరూ ఈ మాట నమ్మరు. వారి అనుభవం తప్పు కాదు. లెక్క కూడ తప్పు కాదు. రెండూ వేర్వేరు విషయాలను కొలుస్తున్నవి.

యు-విలువ ఇరువైపుల ఉష్ణోగ్రతలు మారకుండ నిలిచి ఉన్నప్పటి కొలత. ఎండ అట్లు నిలిచి ఉండదు. ఉదయం పెరిగి, మధ్యాహ్నం దాటగానే తగ్గి, రాత్రి పూర్తిగా పోతుంది. బరువైన గోడ ఆ వేడిని మొదట తనలో దాచుకొంటుంది, తరువాత మెల్లగా లోపలికి పంపుతుంది. 24 గంటల ఆవర్తనానికి ఉష్ణ ప్రసార సూత్రాన్ని అన్వయిస్తే, 45 సెంటీమీటర్ల నాపరాతిలో వేడి కెరటం ప్రయాణించుటకు సుమారు 11 గంటలు పడుతుంది. చేరేసరికి కెరటపు ఎత్తు పదునెనిమిదవ వంతుకు క్షీణిస్తుంది. 12 సెంటీమీటర్ల సిమెంటు స్లాబులో అదే కెరటానికి సుమారు 3 గంటలే పడుతుంది. ఎత్తు సగానికి కొద్దిగా తక్కువగా మిగిలి ఉంటుంది. అందుచేత మధ్యాహ్నం రెండు గంటల ఎండ సాయంకాలం అయిదు గంటలకు స్లాబు అడుగున కనబడుతుంది. పొలం నుండి, బడి నుండి అందరూ ఇంటికి చేరేవేళ కప్పు వారిపై వేడి కురిపిస్తుంది.

రోజంతా శీతల యంత్రం నడిచే ఇంటికి సగటు వేడిని కొలిచిన చాలును. వేడి ఎప్పుడు వచ్చినా యంత్రం దానిని బయటికి నెట్టవలసినదే. పంకా గాలితో బ్రతికే ఇంటికి ఆ కొలత చాలదు. అక్కడ ఎంత వేడి అనునది ఎంత ముఖ్యమో, ఏ గంటకు అనునదీ అంతే ముఖ్యము. సంహిత సూత్రం మొదటి ఇంటిని మనసులో పెట్టుకొని రచించినది. యాలాల్‌లోని ఇళ్లలో హెచ్చుభాగం రెండవ రకానివి.

ఈ సంగతి మన శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. 1978లో సవరించిన భారత ప్రమాణం 3792 ఇంటి ఉష్ణ రక్షణను గురించి మార్గదర్శనం చేస్తూ, యు-విలువతో పాటు వేడి కెరటం ఎంత క్షీణించునో తెలిపే అంకెను కూడ పట్టించుకొన్నది. నలుబది సంవత్సరాల తరువాత వచ్చిన సంహిత ఆ సూక్ష్మాన్ని విడిచిపెట్టుట వెనుకడుగు అనక తప్పదు.

అయితే దీనిని పట్టుకొని రాయి అంతా చల్లనిదనుకొనుట కూడ పొరబాటే. అయిదు సెంటీమీటర్ల నాపబండను ఒంటరిగా కప్పుగా వేసినచో దాని యు-విలువ 4.2. అది సిమెంటు స్లాబు విలువైన 3.5 కంటె హెచ్చు. పలుచని బండకు వేడిని ఆలస్యం చేసే శక్తి కూడ లేదు. పాత మిద్దెల చల్లదనం బండ వలన గాని, దూలం వలన గాని వచ్చినది కాదు. వాటిపై పరచిన మట్టి వలన వచ్చినది. ఒక అడుగు మందం మట్టి వేస్తే యు-విలువ 1.6కు దిగుతుంది. అడుగున్నర వేస్తే సంహిత కోరిన 1.2కు చేరుతుంది. కాని అంత మట్టి చదరపు మీటరుకు 750 కిలోలకు పైగా తూగుతుంది. పాత మిద్దెకు లావైన గోడలు, దగ్గర దగ్గరగా దూలాలు ఉండేవి. సామాన్యమైన సిమెంటు స్లాబును ఆ బరువుకు రూపొందించరు. కాబట్టి స్లాబు మీద పూర్వపు మట్టిని పోయుట ప్రమాదకరము. పూర్వపు పద్ధతిలోని సూత్రాన్ని గ్రహించవలెను గాని, దాని రూపాన్ని గ్రుడ్డిగా అనుకరించరాదు.

కప్పు రంగును మరచిన నియమం

రెండవ లోపం కప్పు నియమంలోనే ఉన్నది. మొదటి భాగం కప్పు యు-విలువను మాత్రమే అడుగుతుంది, దాని రంగును అడుగదు. దీని ఫలితమేమో ఒక చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. విద్యార్థులు ఈ లెక్కను తరగతిలోనే చేయవచ్చును.

బయటి గాలి 40 సెంటిగ్రేడు డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 950 వాట్లు, ఇంటిలో 33 డిగ్రీలు అనుకొందాము. బూడిదరంగు స్లాబు ఎండలో 65 శాతాన్ని పీల్చుకొంటుందనుకొంటే, ఎండ ప్రభావం కలుపుకొని, ఆ కప్పుకు పైన 63 డిగ్రీల గాలి తగులుతున్నట్లే అవుతుంది. లోపలికి 30 డిగ్రీల తేడా. యు-విలువ 3.5 కాబట్టి చదరపు మీటరుకు 105 వాట్లు. 400 చదరపు అడుగులంటే 37 చదరపు మీటర్లు. మొత్తం 3.9 కిలోవాట్లు. కిలోవాటు హీటర్లు నాలుగు కప్పుకు వ్రేలాడగట్టినట్లు!

అదే స్లాబుకు తెల్లసున్నం వేసి, పీల్చుకొనే భాగాన్ని 25 శాతానికి తగ్గిస్తే పైభాగం 46 డిగ్రీలతో సమానమవుతుంది. వేడి 1.7 కిలోవాట్లకు దిగుతుంది. సున్నం వేయక, రెండు సెంటీమీటర్ల నురుగు పలకలతో యు-విలువను 1.2కు తెస్తే వేడి 1.3 కిలోవాట్లు. రెండు పనులూ చేస్తే 0.6 కిలోవాటు మాత్రమే. ఇది ఉష్ణోగ్రతలు నిలిచి ఉన్నవనుకొని వేసిన స్థూలమైన లెక్కయే. అయినా పోలికకు చాలును. సున్నపు నీళ్లు ఖరీదైన నురుగు పలకకు దాదాపు దగ్గరగా వచ్చినవి. సంహిత మాత్రం పలకకు నూటికి నూరు మార్కులు, సున్నానికి సున్న మార్కులు వేస్తుంది.

సున్నానికి హద్దులు లేకపోలేదు. దుమ్ము పట్టినకొద్ది తెలుపు తగ్గుతుంది, వానలకు కడుక్కొనిపోతుంది. కాని ఉగాదికి ముందు గోడలకు సున్నం వేయుట మన ఇళ్లలో ఏటేటా జరిగే పనియే. ఆ కుంచెను మేడ మీదికి కూడ తీసుకొనిపోతే సరిగా వేసవి మొదలయ్యేవేళకు కప్పు తెల్లబడుతుంది. వానలలో అది కొట్టుకొనిపోయిన తరువాత చలికాలపు ఎండను స్లాబు యథాప్రకారం పీల్చుకొంటుంది.

ఒకే రాయికి రెండు గతులు

మూడవ లోపం ఇల్లు పుట్టకముందు ఖర్చయిన ఇంధనాన్ని గురించినది. మొదటి భాగం ఇల్లు కట్టిన తరువాతి వేడిని కొలుస్తుంది. కట్టుబడి సామాను తయారగుటకు ఎంత ఇంధనం కాలినదో అడుగదు. తాండూరు ప్రాంతంలో ఈ ప్రశ్న కళ్లెదుటనే కనబడుతుంది. ఇక్కడి నేలలోని సున్నపురాయి భీమా శిలాసముదాయానికి చెందినది. దానిని పలకలుగా కోస్తే ఇంటి బండ. కొలిమిలో కాలిస్తే సిమెంటు. కరణ్‌కోటలో సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం నెలకొన్నది కూడ ఈ రాతి కొరకే.

బండ కోయుటకు రంపం, నీరు, కొంత విద్యుత్తు చాలును. సిమెంటుకు రాయిని సుమారు 1,450 డిగ్రీల వరకు కాల్చవలెను. ఇంధనపు పొగ ఒక ఎత్తు, రాతి రసాయనం ఒక ఎత్తు. 100 కిలోల శుద్ధమైన కాల్షియం కార్బొనేటును కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఆకాశంలో కలుస్తుంది. ఎంత మంచి కొలిమిని వాడినా ఈ 44ను తప్పించుట సాధ్యం కాదు. 400 చదరపు అడుగుల స్లాబుకు సుమారు 30 బస్తాల సిమెంటు పడుతుంది. ఆ ఒక్క కప్పు వలన వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు ఒక టన్ను.

దీనివలన సిమెంటును బహిష్కరించవలెనని అర్థం కాదు. రాతి పనికి కూడ మచ్చ ఉన్నది. గనుల చుట్టు పనికిరాని రాళ్ల గుట్టలు పేరుకొనుట, పాలిషు పట్టగా వచ్చిన తెల్లని బురద రోడ్ల పక్కన, వాగుల్లో చేరుట ఆ ప్రాంతం ఎరిగిన బాధలే. 1874లో వాడి-సికింద్రాబాదు రైలుమార్గం వచ్చినప్పటి నుండి తాండూరు బండకు దూరపు ఊళ్లకు పోయే దారి ఏర్పడినది. వందల మైళ్లు లారీలో పోయిన బండకు మోత ఇంధనం కూడ కలుస్తుంది. యాలాల్ గోడలో పెట్టిన బండకు ఆ మోత లేదు. ఒకే రాయి ఒక ఊరిలో పర్యావరణానికి మేలైనది, ఇంకొక ఊరిలో కానిది కావచ్చును. ఈ తేడాను లెక్కించని కొలమానం అసంపూర్ణమే.

ఎవరికి వర్తించును?

చివరి లోపం అన్నిటికంటె గట్టిది. మొదటి భాగం 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలకే వర్తిస్తుంది. అది దాదాపు 600 చదరపు గజాలు. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం నివాస భవనాలను తన పరిధిలోనికి తెచ్చినప్పుడు 100 కిలోవాట్ల విద్యుత్ లోడును హద్దుగా పెట్టినది. ఆ హద్దును తగ్గించుకొనే అధికారం రాష్ట్రాలకు ఉన్నది. రెండు పంకాలు, నాలుగు దీపాలు, ఒక టెలివిజన్ ఉన్న ఇల్లు ఒక కిలోవాటును కూడ దాటదు. పెద్ద భవనాలతో మొదలుపెట్టుటకు కారణం లేకపోలేదు. తనిఖీ చేయుట సులభము, పొదుపయ్యే విద్యుత్తు హెచ్చు. కాని కప్పు వేడిని యంత్రంతో వదిలించుకోగలవాడికి రక్షణ ఇచ్చి, వదిలించుకోలేనివాడిని విడిచిపెట్టినట్లయినది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసినది. అది కప్పు రంగును, ప్రతిఫలన శక్తిని లెక్కకు తెచ్చినది. ప్రభుత్వం కట్టి ఇచ్చే బీదల గృహాలను కూడ నిబంధన కిందికి తీసుకొన్నది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకొనేవారికి మాత్రం 600 చదరపు గజాలలోపు అది ఐచ్ఛికము. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత స్థలమున్న బీద కుటుంబం 5 లక్షల రూపాయల సాయంతో కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకొంటుంది. యాలాల్ వంటి ఊళ్లలో ఇప్పుడు లేస్తున్న కప్పులలో ఇటువంటివి అనేకం. ఒకసారి వేసిన స్లాబు యాబది ఏళ్లు నిలుస్తుంది. దాని కింద పసిపిల్లలు పెరుగుతారు, ముసలివారు మంచాన పడుకొంటారు. ఏ సంహితా అడుగని ఇల్లు ఇదే. అడుగవలసిన ఇల్లూ ఇదే.

ఏమి చేయవచ్చును?

ఈ విమర్శ వలన సంహిత పనికిరానిదని తేల్చరాదు. వేడిని అంకెలలో కొలువవచ్చునని, కొలిచి హద్దు పెట్టవచ్చునని అది నేర్పినది. దానికి కావలసినవి నాలుగు చేర్పులు: బరువైన గోడకు కాలవిలంబం లెక్క, కప్పు తెలుపుకు గుర్తింపు, సామాను పుట్టుకలోని ఇంధనానికి ఒక పట్టిక, చిన్న ఇంటికి ఒక్క పుటలో ఇమిడే తెలుగు సూచనలు. 2021లో వచ్చిన రెండవ భాగం మోటార్లు, లిఫ్టులు, దీపాల వంటి విద్యుత్ పరికరాల వైపు దృష్టి సారించినది. చిన్న ఇంటికి మొదట కావలసినది లిఫ్టు నియమం కాదు, కప్పు నియమం.

ఆ ఒక్క పుటలో ఉండదగిన విషయాలు కష్టమైనవి కావు. ఇంటి పొడుగు తూర్పుపడమరలుగా ఉంచి, పడమటి గోడకు కిటికీలు తగ్గించుట. ఎదురెదురుగా తెరుచుకొనే కిటికీలు పెట్టుట. ప్రతి కిటికీకి సజ్జా. దగ్గరలో దొరికే చోట గోడకు నాపరాయి. కప్పుకు ఏటా వేసవికి ముందు సున్నం. వీలైనచోట మేడ మీద పందిరి వేసి సొర, బీర తీగెలు పాకించుట. నీడ ఎండను స్లాబు తాకకముందే ఆపుతుంది, ఎంత మంచి పలకయైనా తాకిన తరువాతనే ఆపగలదు.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు దీనిని పరీక్షించి చూపవచ్చును. బడి స్లాబుపై రెండు మీటర్ల చదరానికి సున్నం వేయించి, దాని కింద పైకప్పుకు ఒక ఉష్ణమాపకం, సున్నం లేని చోటి కింద ఇంకొకటి అంటించవలెను. మార్చి నెలలో ఒక రోజు ఉదయం తొమ్మిది నుండి రాత్రి తొమ్మిది వరకు గంటగంటకు రెంటినీ చదివి గ్రాఫు గీయించవలెను. మేడ మీదికి వెళ్లేటప్పుడు పెద్దవారు తోడుండవలెను. రెండు రేఖల మధ్య ఎడం సున్నం విలువను చెప్పుతుంది. ఎండ శిఖరానికి, కప్పు అడుగున వేడి శిఖరానికి మధ్య గంటలు స్లాబు ఆలస్యాన్ని చెప్పుతవి. అది లెక్కలోని మూడు గంటలకు దగ్గరగా ఉన్నదో లేదో విద్యార్థులే తేల్చవచ్చును. ఆ గ్రాఫు కాగితం ఊరిలో ఇల్లు కట్టబోతున్న మేస్త్రీ చేతికి అందితే, సంహిత చేరని చోటికి దానిలోని శాస్త్రమైనా చేరినట్లగును.